తగవు తీర్చే కుర్చీలో ఎవరు? వైవాహిక వివాదాల్లో కౌన్సెలింగ్ చేసేవారి అర్హతలపై ఒక పరిశీలన

వైవాహిక వేధింపుల ఫిర్యాదులకు సంబంధించి 2025 జూలై 22న సుప్రీంకోర్టు వెలువరించిన ఒక తీర్పు న్యాయవర్గాల్లోనూ, మహిళా సంఘాల్లోనూ విస్తృత చర్చకు కారణమైంది. ఒక దంపతుల మధ్య ఏళ్ల తరబడి సాగిన వివాదాన్ని ముగిస్తూ, అలహాబాద్ హైకోర్టు 2022 జూన్‌లో రూపొందించిన మార్గదర్శకాలు అమలులో కొనసాగాలని, సంబంధిత అధికారులు వాటిని పాటించాలని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం ఫిర్యాదు లేదా ఎఫ్ఐఆర్ నమోదైన తరువాత రెండు నెలల పాటు నిందితులను అరెస్టు చేయరాదు. ఆ వ్యవధిలో వివాదం జిల్లా స్థాయిలోని కుటుంబ సంక్షేమ కమిటీ ముందుకు వెళ్తుంది.

చర్చ ప్రధానంగా ఆ రెండు నెలల విరామం చుట్టూనే తిరిగింది. అమాయకులైన బంధువులను సైతం కేసుల్లోకి లాగే ధోరణికి అది అడ్డుకట్ట వేస్తుందని కొందరు, హింసకు గురైన మహిళకు రక్షణ అత్యవసరమైన సమయంలోనే పోలీసుల చేతులు కట్టివేస్తుందని మరికొందరు వాదించారు. ఈ రెండు వాదనల నడుమ ఒక ప్రశ్న దాదాపుగా మరుగున పడింది. ఆ రెండు నెలల్లో ఆ కుటుంబం ఎవరి ముందు కూర్చోవాలి? వారు ఏం చదివారు, ఏ వృత్తిలో పనిచేశారు, ఈ పనికి వారిని సిద్ధం చేసినది ఏమిటి?

మార్గదర్శకాలు ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమే ఇచ్చాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆధ్వర్యంలో ఏర్పడే కమిటీలో కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి. వారిని నాలుగు వర్గాల నుంచి తీసుకోవాలి. మధ్యవర్తిత్వ కేంద్రానికి చెందిన యువ మధ్యవర్తి, లేదా 5 సంవత్సరాల లోపు అనుభవం గల న్యాయవాది, లేదా న్యాయ కళాశాలలో అయిదో సంవత్సరం చదువుతున్న ప్రతిభావంతుడైన విద్యార్థి మొదటి వర్గం. జిల్లాలో పేరు పొందిన, మచ్చలేని సామాజిక కార్యకర్త రెండవ వర్గం. ఆ జిల్లాలో గానీ సమీపంలో గానీ నివసించే విశ్రాంత న్యాయాధికారి మూడవ వర్గం. జిల్లాలోని సీనియర్ న్యాయాధికారుల లేదా పరిపాలనాధికారుల విద్యావంతులైన భార్యలు నాలుగవ వర్గం.

ఈ జాబితాను నిదానంగా చదివితే కొన్ని సంగతులు కనిపిస్తాయి. నాలుగింటిలో రెండు వర్గాలు న్యాయవృత్తికి చెందినవి. అందులో ఒకటి వృత్తిలో అప్పుడే అడుగుపెట్టినవారిది, లేదా ఇంకా అడుగుపెట్టనివారిది. మరొకటి వృత్తి నుంచి విరమించినవారిది. సామాజిక కార్యకర్తకు కావలసినది పేరుప్రతిష్ఠలే తప్ప, సామాజిక సేవాశాస్త్రంలో పట్టా గానీ హింసాబాధితులతో పనిచేసిన అనుభవం గానీ షరతు కాదు. ఇక నాలుగవ వర్గానికి అర్హత వృత్తి వల్ల కాక వివాహం వల్ల సంక్రమిస్తుంది. భర్త హోదాయే భార్య అర్హతగా మారిన ఈ వాక్యం, వైవాహిక జీవితంలో మహిళ గౌరవానికి సంబంధించిన ఆదేశంలోనే చోటుచేసుకోవడం గమనార్హం. సీనియర్ అధికారి అంటే పురుషుడే అయి ఉంటాడన్న భావన కూడా అందులో దాగి ఉంది. మానసిక నిపుణులు, వైద్య సామాజిక కార్యకర్తలు, శిక్షణ పొందిన కౌన్సెలర్లు అన్న మాట ఆ జాబితాలో ఎక్కడా లేదు.

శిక్షణ విషయంలోనూ ఒక విశేషం ఉంది. ఈ కేసులను దర్యాప్తు చేసే పోలీసు అధికారికి వారం రోజులకు తగ్గకుండా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని మార్గదర్శకాలు పేర్కొన్నాయి. కమిటీ సభ్యులకు ఇచ్చే ప్రాథమిక శిక్షణ మాత్రం వారం రోజులకు మించరాదని చెప్పాయి. నేరాన్ని దర్యాప్తు చేసేవారికి కనీస పరిమితి విధించి, మనుషుల మధ్య మాట కలిపేవారికి గరిష్ఠ పరిమితి విధించడంలో ఒక విశ్వాసం వ్యక్తమవుతోంది. రాజీ కుదర్చడం ప్రత్యేక విద్య కాదని, వయసు, హోదా, మంచితనం ఉంటే చాలునని ఆ విశ్వాసం. మన పల్లెల్లో పెద్దమనుషుల పంచాయితీ శతాబ్దాల పాటు నడిచింది కూడా ఈ నమ్మకం మీదే. కమిటీ ముందుకు ఇరుపక్షాల నుంచి నలుగురేసి కుటుంబ పెద్దలు హాజరు కావాలన్న నిబంధన ఆ పోలికను మరింత స్పష్టం చేస్తోంది.

ఇలాంటి కమిటీలు కొత్తవి కావు. 2017 జూలైలో సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రతి జిల్లాలోనూ కుటుంబ సంక్షేమ కమిటీలు నెలకొల్పాలని ఆదేశించింది. పారా లీగల్ వాలంటీర్లు, సామాజిక కార్యకర్తలు, పదవీ విరమణ చేసినవారు, ఉద్యోగంలో ఉన్న అధికారుల భార్యలు, ఇతర పౌరులు అందులో సభ్యులుగా ఉండవచ్చునని నాడు పేర్కొన్నది. మరుసటి ఏడాది, 2018 సెప్టెంబరులో, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ భాగాన్ని తోసిపుచ్చింది. చట్టంలో లేని ఒక వ్యవస్థకు ఫిర్యాదులను పరిశీలించే అధికారం కట్టబెట్టడం నేరవిచారణ ప్రక్రియకు అనుగుణం కాదని స్పష్టం చేసింది. అదే వ్యవస్థ స్వల్ప మార్పులతో హైకోర్టు ద్వారా తిరిగివచ్చి, ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆమోదం పొందడం న్యాయనిపుణుల విమర్శకు గురికావడంలో ఆశ్చర్యం లేదు. అయితే న్యాయసూత్రాల చర్చ ఎటు ముగిసినా, అర్హతల ప్రశ్న విడిగా మిగిలే ఉంటుంది.

బిడ్డకు ఒక కొలత, తల్లికి ఒక కొలత

ఈ ప్రశ్నకు మన చట్టాల్లోనే మరో తరహా సమాధానం ఉంది. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం ప్రతి జిల్లాలోనూ బాలల సంక్షేమ కమిటీ ఉండాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వారిలో కనీసం ఒకరు మహిళ. 2021 సవరణ తరువాత ఈ అర్హతలు మరింత పటిష్ఠమయ్యాయి. బాలల మనస్తత్వశాస్త్రం, మానసిక వైద్యం, న్యాయశాస్త్రం, సామాజిక సేవ, సమాజశాస్త్రం, విద్య, మానవ వికాసం, ప్రత్యేక విద్య వంటి విషయాల్లో పట్టా ఉండాలి. దానితో పాటు పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో 7 సంవత్సరాల పాటు చురుకుగా పనిచేసి ఉండాలి, లేదా ఆ విషయాల్లో పట్టాతో వృత్తిని కొనసాగిస్తున్నవారై ఉండాలి. మానవ హక్కులను ఉల్లంఘించిన చరిత్ర ఉన్నవారు, జిల్లాలో బాలల సంరక్షణ గృహం నిర్వహణలో భాగస్వాములైనవారు అనర్హులు. కమిటీ నెలకు కనీసం 20 రోజులు సమావేశం కావాలి.

చట్టంతో ఘర్షణ పడిన పిల్లల కేసులను విచారించే బాలల న్యాయ మండలిలో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు; వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. నియామకమైన 60 రోజుల లోపు సభ్యులందరికీ శిక్షణ పూర్తి కావాలి. ఆ శిక్షణ నుంచి మేజిస్ట్రేటుకు కూడా మినహాయింపు లేదు. న్యాయశాస్త్రం చదివి, పరీక్ష గెలిచి, బెంచి ఎక్కిన వ్యక్తి కూడా పిల్లలతో మాట్లాడే ముందు మళ్లీ నేర్చుకోవాలని చట్టం భావించింది.

ఆచరణలో ఈ కమిటీల నియామకాలు ఆలస్యం కావడం, ఖాళీలు నెలల తరబడి భర్తీ కాకపోవడం, ఎంపికలో రాజకీయ సిఫారసులు పనిచేయడం వంటి లోపాలు లేకపోలేదు. కాగితం మీద అర్హత ఉన్నంత మాత్రాన కుర్చీలో యోగ్యులే ఉంటారన్న హామీ లేదు. కానీ అర్హత రాసి ఉన్నచోట అయోగ్యుని నియామకాన్ని ప్రశ్నించడానికి పౌరునికి ఒక ఆధారం ఉంటుంది. సత్ప్రవర్తన, పలుకుబడి మాత్రమే అర్హతలైన చోట ఆ ఆధారం ఉండదు.

గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం మధ్యేమార్గం అనుసరించింది. ఆ చట్టం కింద నియమితులయ్యే రక్షణ అధికారులకు సామాజిక రంగంలో కనీసం 3 సంవత్సరాల అనుభవం ఉండాలని 2006 నియమావళి చెబుతోంది. సాధ్యమైనంత వరకు ఆ అధికారి మహిళ కావాలి. వాస్తవంలో అనేక రాష్ట్రాలు ఈ పనిని స్త్రీ శిశు సంక్షేమ శాఖలో ఇప్పటికే పని ఒత్తిడితో సతమతమయ్యే అధికారులకు అదనపు బాధ్యతగా అప్పగించాయి. అంగన్‌వాడీ కేంద్రాల పౌష్టికాహారం లెక్కలు చూసే అధికారే, సాయంత్రానికి ఇంటి నుంచి గెంటివేతకు గురైన మహిళ కోసం మేజిస్ట్రేటుకు నివేదిక రాయాలి. జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణ అధికారులను గుర్తించి నియమించాలని సుప్రీంకోర్టు 2025 మే నెలలో రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చిందంటే, చట్టం వచ్చిన 20 ఏళ్లకు కూడా ఆ కుర్చీలు పూర్తిగా నిండలేదని అర్థం.

కుటుంబ న్యాయస్థానాల చట్టం సంగతి వేరు. 1984 నాటి ఆ చట్టం న్యాయమూర్తికి 7 సంవత్సరాల న్యాయపదవి అనుభవం లేదా అంతే కాలం హైకోర్టు న్యాయవాదిగా అనుభవం కోరుతుంది. అక్కడితో ఆగదు. వివాహ వ్యవస్థను కాపాడాలన్న నిబద్ధత, పిల్లల సంక్షేమంపై ఆసక్తి, రాజీ కుదర్చగల అనుభవం ఉన్నవారిని ఎంపిక చేయడానికి ప్రయత్నించాలని, మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చెబుతుంది. ఒక విధమైన విశ్వాసాన్ని న్యాయమూర్తి అర్హతల్లో చేర్చిన చట్టం బహుశా ఇదొక్కటే కావచ్చు. న్యాయవాదులకు అక్కడ హక్కుగా ప్రవేశం లేదు. న్యాయస్థానం అవసరమనుకుంటే సహాయకులుగా పిలుస్తుంది. వారి స్థానంలో కౌన్సెలర్లు, వైద్య, సంక్షేమ నిపుణులు సాయపడాలన్నది చట్టకర్తల ఉద్దేశం. అందువల్ల కౌన్సెలర్ ఎవరన్నది అక్కడ చిన్న విషయం కాదు.

స్టేషన్ బల్ల మీద కౌన్సెలింగ్

కోర్టుకు, కమిటీకి ముందే చాలా కుటుంబాలు చేరే చోటు పోలీస్ స్టేషన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత, అంటే 2019-21 గణాంకాల ప్రకారం, దేశంలో 18 నుంచి 49 సంవత్సరాల మధ్య వయసు గల వివాహిత మహిళల్లో 29.3 శాతం మంది భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. హింసకు గురైన మహిళల్లో సాయం కోరినవారు 14 శాతం మాత్రమే. వారిలోనూ అత్యధికులు ఆశ్రయించినది పుట్టింటివారిని. ఇంత వడపోత దాటి స్టేషన్ గడప తొక్కిన మహిళకు మొట్టమొదట ఎదురయ్యే మనిషి ఏమంటారన్నది ఆమె జీవితాన్నే నిర్ణయించవచ్చు.

ఆ మనిషి సాధారణంగా ఒక హెడ్ కానిస్టేబుల్ లేదా ఎస్సై. ఎస్సై ఉద్యోగానికి కావలసినది ఏదైనా ఒక డిగ్రీ. రసాయనశాస్త్రం చదివినవారు, ఇంజనీరింగ్ చదివినవారు, తెలుగు సాహిత్యం చదివినవారు ఒకే పరీక్ష రాసి, సుమారు ఏడాది శిక్షణ తరువాత స్టేషన్లకు చేరుతారు. చట్టం, దర్యాప్తు, ఆయుధం, కవాతు ఆ శిక్షణలో ప్రధాన భాగాలు. పోలీసు వృత్తి ఒక వ్యక్తికి నేర్పే మొదటి అలవాటు, ఎదుటివారి మాటలో అబద్ధమెంతో వెతకడం. దర్యాప్తుకు అది అవసరమైన నైపుణ్యమే. కన్నీళ్లతో వచ్చిన మహిళ ముందు అదే అలవాటు అనుమానంగా వినిపిస్తుంది. రెండవ అలవాటు పని త్వరగా తెమల్చడం. రాజీపత్రం మీద సంతకం పడితే ఫైలు మూతపడుతుంది.

2013 నవంబరులో ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అంటూ తీర్పునిచ్చిన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, వైవాహిక వివాదాల్లో మాత్రం ప్రాథమిక విచారణకు అవకాశమిచ్చింది. ఆ అవకాశం నుంచే స్టేషన్లలో కౌన్సెలింగ్ అన్న మాట అధికారిక పదంగా స్థిరపడింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక విడాకుల వివాదంలో, కేసుకు ముందే మధ్యవర్తిత్వానికి ప్రత్యేక కేంద్రాలు ఉండాలని సుప్రీంకోర్టు సూచించింది. వేధింపుల నిరోధక సెక్షన్ తీవ్రతను తగ్గించడం తమ ఉద్దేశం కాదని కూడా ఆ తీర్పు ప్రత్యేకంగా చెప్పింది. మధ్యవర్తిత్వం వేరు, కౌన్సెలింగ్ వేరు, స్టేషన్‌లో మందలించి పంపడం వేరు. మూడింటికీ ఒకే పేరు పెట్టడం వల్ల జరిగిన నష్టం తక్కువ కాదు.

కోర్టు అనుబంధ మధ్యవర్తులకు 40 గంటల శిక్షణ తప్పనిసరి. 2025 జూలై 1 నుంచి మూడు నెలల పాటు దేశవ్యాప్తంగా సాగిన మధ్యవర్తిత్వ కార్యక్రమంలో గృహ హింస కేసులు కూడా ఉన్నాయి; అక్కడ ఫైళ్లు చూసినది ఆ 40 గంటల శిక్షణ పొందినవారే. మానసిక చికిత్స రంగంలో క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి వద్ద నమోదు కావాలి. కౌన్సెలర్లను, సామాజిక కార్యకర్తలను ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చిన చట్టం 2021లో వచ్చింది. స్టేషన్‌లో కౌన్సెలింగ్ చేసేవారికి మాత్రం ఇలాంటి కొలమానం ఏదీ వర్తించదు. మందు రాసే వైద్యునికి లైసెన్సు అడిగే సమాజం, సంసారం నిలపాలా వద్దా అని చెప్పేవారిని ఏమీ అడగదు.

దీనికి భిన్నమైన నమూనా దేశంలో లేకపోలేదు. 1984లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ముంబయి పోలీసు వ్యవస్థలో మహిళలు, పిల్లల కోసం ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించింది. సామాజిక సేవలో శిక్షణ పొందిన కార్యకర్తలు పోలీసు ఆవరణలోనే కూర్చుంటారు. కానీ వారు పోలీసులు కారు. యూనిఫాం పలుకుబడి, సామాజిక కార్యకర్త నైపుణ్యం ఒకే కప్పు కింద ఉంటూనే ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఉండటం దాని ప్రత్యేకత. తరువాతి కాలంలో మరికొన్ని రాష్ట్రాలు దానిని అనుసరించాయి. తెలంగాణలో 2014లో షీ టీమ్స్, 2016లో హైదరాబాద్‌లో భరోసా కేంద్రం వచ్చాయి. భరోసాలో పోలీసు, న్యాయ, వైద్య, మానసిక సహాయం ఒకేచోట అందుతుంది. కేంద్ర ప్రభుత్వం 2015 నుంచి నెలకొల్పిన సఖి కేంద్రాల మార్గదర్శకాలు కౌన్సెలర్‌కు మనస్తత్వశాస్త్రం లేదా మానసిక వైద్య విభాగంలో వృత్తి విద్య, అనుభవం ఉండాలంటున్నాయి. అంటే కుటుంబ సంక్షేమ కమిటీ కోసం అధికారుల ఇళ్లలో సభ్యులను వెతికే జిల్లాలోనే, ఆ పని చదువుకున్న ఒక ఉద్యోగిని ఒప్పంద పద్ధతిలో, స్వల్ప వేతనంతో పనిచేస్తూ ఉండవచ్చు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం మరో పాఠం. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థలో భాగంగా మహిళా సంరక్షణ కార్యదర్శులుగా వేలాది మంది యువతులు నియమితులయ్యారు. ఏదైనా డిగ్రీ చదివినవారు అర్హులు. రెండేళ్ల తరువాత వారిని మహిళా పోలీసులుగా పరిగణించడంతో వివాదం హైకోర్టుకు చేరింది. పోలీసు నియామక ప్రక్రియ లేకుండా పోలీసు హోదా ఎలా ఇస్తారన్నది అక్కడి ప్రశ్న. అయితే గ్రామాల్లో ఆ యువతుల ముందుకు రోజూ వచ్చేది మరో ప్రశ్న: తాగివచ్చి కొట్టే భర్త గురించి పక్కింటి మహిళ చెప్పుకుంటే, ఏం చేయాలో వారికి ఎవరు నేర్పారు? పేరు మార్చడం మీద జరిగినంత చర్చ ఆ శిక్షణ మీద జరగలేదు.

సరిహద్దులు దాటి చూస్తే

స్థానిక న్యాయాన్ని న్యాయవాదులు కానివారి చేతుల్లో పెట్టడం దక్షిణాసియాకు ఉమ్మడి లక్షణం. ఈ విషయంలో అత్యంత సాహసోపేతమైన ప్రయోగం నేపాల్‌ది. 2015 రాజ్యాంగంలోని 217వ అధికరణం ప్రతి స్థానిక సంస్థలోనూ ముగ్గురు సభ్యుల న్యాయ కమిటీని ఏర్పాటు చేసింది. నగరపాలికలో డిప్యూటీ మేయర్, గ్రామపాలికలో ఉపాధ్యక్షులు దానికి సమన్వయకర్తలు. దేశంలో మొత్తం 753 స్థానిక సంస్థలున్నాయి. పార్టీలు రెండు ప్రధాన పదవులకు పోటీ చేసేచోట ఒక అభ్యర్థి మహిళ కావాలన్న నిబంధన ఫలితంగా, 2017 ఎన్నికల్లో ఉపపదవులకు గెలిచినవారిలో 90 శాతానికి పైగా మహిళలే. తరువాతి ఎన్నికల్లో ఆ వాటా తగ్గినా, వారే అధిక సంఖ్యాకులు.

ఆ విధంగా, ఎవరూ ప్రత్యేకంగా ప్రణాళిక వేయకుండానే, నేపాల్ గ్రామీణ న్యాయం మహిళల చేతికి వచ్చింది. వారిలో ఉపాధ్యాయినులు, తల్లుల సంఘాల నాయకురాళ్లు, సామాజిక అటవీ బృందాల్లో పనిచేసినవారు, పార్టీ కార్యకర్తలు ఉన్నారు. న్యాయశాస్త్ర పట్టా అర్హత కాదు. 2017 నాటి స్థానిక ప్రభుత్వ నిర్వహణ చట్టం 13 రకాల వివాదాల్లో తీర్పు చెప్పే అధికారాన్ని, మరో 11 రకాల వివాదాల్లో మధ్యవర్తిత్వం నడిపే అధికారాన్ని మాత్రమే వారికి ఇచ్చింది. గట్టు తగాదాలు, సాగునీటి పంపకం, కూలి బకాయిలు, భార్యకు లేదా పిల్లలకు తిండి, బట్ట, చదువు ఇవ్వకపోవడం వంటివి మొదటి జాబితాలో ఉన్నాయి. తీర్పు నచ్చనివారు జిల్లా న్యాయస్థానానికి వెళ్లవచ్చు.

ఈ ఏర్పాటు బలం, బలహీనత రెండూ ఒకేచోట ఉన్నాయి. మాట్లాడటానికి భయపడే మహిళ, న్యాయస్థానం మెట్లు ఎక్కడానికి వెనుకాడినా, తాను ఎరిగిన ఉపాధ్యక్షురాలి వద్దకు వెళ్లగలదు. కానీ ఆ ఉపాధ్యక్షురాలే బడ్జెట్ రూపకల్పన కమిటీకి, రెవెన్యూ సలహా కమిటీకి కూడా సమన్వయకర్త. వచ్చే ఎన్నికల్లో ఓట్లు అడగవలసినది వాది, ప్రతివాది ఇద్దరి కుటుంబాలనే. న్యాయమూర్తికి ఉండే దూరం రాజకీయ నాయకురాలికి ఉండదు. చట్టం ఈ ప్రమాదాన్ని కొంత ఊహించి, ముందుగా మధ్యవర్తిత్వానికే పంపాలని, అది విఫలమైతేనే తీర్పు చెప్పాలని నిర్దేశించింది.

శ్రీలంక ఈ చిక్కును మరో విధంగా పరిష్కరించుకున్నది. 1988 నాటి చట్టం కింద ఏర్పడిన మధ్యవర్తిత్వ మండళ్లు 1990 నుంచి పనిచేస్తున్నాయి. సభ్యులు స్వచ్ఛంద సేవకులు. విశ్రాంత ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు, మాజీ ప్రభుత్వోద్యోగులు వారిలో ఎక్కువ. వారాంతాల్లో పాఠశాలల్లో, ఆలయ ప్రాంగణాల్లో సమావేశమవుతారు. ముఖ్యమైన విషయం ఏమిటంటే, నామినేషన్ పొందినంత మాత్రాన ఎవరూ సభ్యులు కాలేరు. అయిదు రోజుల శిక్షణ పొందాలి. ఆ శిక్షణలో కనబరచిన యోగ్యతను చూసి మధ్యవర్తిత్వ మండళ్ల కమిషన్ నియమిస్తుంది. అంటే అక్కడ శిక్షణ ఎంపికలో ఒక భాగం. పైగా మండలికి తీర్పు చెప్పే అధికారం లేదు. రాజీ కుదరకపోతే, కుదరలేదన్న ధ్రువపత్రం ఇచ్చి పంపాలి. ఆ కాగితంతో న్యాయస్థానానికి దారి తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వారం రోజుల శిక్షణ అన్నది మన మార్గదర్శకాల్లోనూ ఉంది, శ్రీలంకలో అంతకన్నా తక్కువే. తేడా రోజుల లెక్కలో లేదు. శ్రీలంకలో శిక్షణ తరువాత కొందరిని వద్దనే అవకాశం ఉంది. ముప్ఫై ఏళ్లు తరగతి గదిని శాసించిన ప్రధానోపాధ్యాయుడు ఎదుటివారి మాట పూర్తిగా వినగలడా అన్నది ఆయన సర్టిఫికెట్లలో కనిపించదు. అయిదు రోజుల అభ్యాసంలో కనిపిస్తుంది. విశ్రాంత న్యాయాధికారికీ ఇదే వర్తిస్తుంది. జీవితమంతా తీర్పులు చెప్పిన అలవాటు, తీర్పు చెప్పకూడని కుర్చీలో కూర్చున్నప్పుడు వదులుకోవడం సులభం కాదు.

బంగ్లాదేశ్‌లో 2006 నాటి గ్రామ న్యాయస్థానాల చట్టం ప్రకారం యూనియన్ పరిషత్ చైర్మన్‌తో పాటు ఇరుపక్షాలూ చెరి ఇద్దరేసి సభ్యులను సూచిస్తాయి. న్యాయవాదులకు ప్రవేశం నిషిద్ధం. 2013లో 75 వేల టాకాలుగా ఉన్న ఆర్థిక పరిమితిని 2024లో 3 లక్షలకు పెంచారు. అధికారం నాలుగు రెట్లయింది. చైర్మన్ అర్హత మాత్రం ఎన్నికల్లో గెలవడమే. మన గ్రామ న్యాయాలయాలు దీనికి సరిగ్గా ఎదురు కొస. 2009 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం న్యాయాధికారికి ప్రథమ శ్రేణి జ్యుడీషియల్ మేజిస్ట్రేటు అర్హత ఉండి తీరాలి. అర్హత ఉన్నత స్థాయిలో ఉంది. న్యాయాలయాలే ఆశించిన సంఖ్యకు దరిదాపుల్లో లేవు.

గడువు ఎవరి కోసం

విరామం, గడువు అన్న ఆలోచన తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. వైవాహిక వేధింపుల కేసులో రాజీకి కేంద్ర చట్టం అవకాశమివ్వని రోజుల్లోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో నేర విచారణ స్మృతిని సవరించి, న్యాయస్థానం అనుమతితో రాజీ పడే వీలు కల్పించింది. కానీ రాజీ కోరిన తేదీ నుంచి మూడు నెలలు గడిచేదాకా న్యాయస్థానం దానిని అంగీకరించరాదు. ఆ లోగా ఎవరైనా వెనక్కు తగ్గితే రాజీ లేదు. ఒత్తిడికి లోనై సంతకం చేసిన మహిళకు తిరిగి ఆలోచించుకునే సమయం అది. ఇప్పటి మార్గదర్శకాల్లోని రెండు నెలల్లో ఆగిపోయేది పోలీసు చర్య. రెండూ విరామాలే, కానీ రెండింటి నీడ ఒకరి మీదే పడదు. కేసు సాగుతూ ఉండగా ఇచ్చే గడువు మహిళ చేతిలో బలం. కేసు కదలకుండా ఇచ్చే గడువులో బలం కమిటీ సభ్యుల చేతిలో ఉంటుంది. వారు ఎవరన్న ప్రశ్న అందుకే ఇంత బరువైనది.

కమిటీల వాదనను పూర్తిగా కొట్టివేయడం కూడా న్యాయం కాదు. వృద్ధులైన అత్తమామలను, దూరప్రాంతంలో ఉన్న ఆడపడుచులను నిందితులుగా చేర్చిన కేసులు న్యాయస్థానాల ముందుకు వచ్చాయి. యాంత్రిక అరెస్టులకు అడ్డుకట్ట వేస్తూ సుప్రీంకోర్టు 2014 జూలైలోనే తీర్పునిచ్చింది. ఇరుపక్షాల మాట ప్రశాంతంగా వినే ఒక చోటు ఉండాలన్న ఆలోచనలో తప్పు లేదు. హత్యాయత్నం వంటి తీవ్ర నేరాలు జోడించిన కేసులను కమిటీలకు పంపరాదని మార్గదర్శకాలే మినహాయించాయి. అయితే ఒక కేసులో గాయం ఎంత తీవ్రమైనదో, భయం ఎంత లోతైనదో ఫిర్యాదు కాగితం మీది సెక్షన్లు చెప్పవు. అది కనిపెట్టడం నేర్చుకున్నవారికే కనిపిస్తుంది.

గృహ హింస చట్టం నియమావళిలో కౌన్సెలర్లకు సంబంధించి ఒక నిబంధన ఉంది. తాను చేసిన హింసకు సమర్థనగా ప్రతివాది ఏ కారణమూ కౌన్సెలింగ్‌లో చెప్పడానికి వీల్లేదు. ఆ సంగతి ప్రారంభానికి ముందే అతనికి తెలియజేయాలి. వంట ఆలస్యమైందని, ఎదురు మాట్లాడిందని, చెప్పకుండా పుట్టింటికి వెళ్లిందని మొదలయ్యే సంజాయిషీలకు అక్కడ చోటు లేదు. వివాదంతో సంబంధం ఉన్నవారు గానీ, ఇరుపక్షాల బంధువులు గానీ కౌన్సెలర్లు కారాదని కూడా అదే నియమావళి చెబుతోంది. కుటుంబ సంక్షేమ కమిటీల మార్గదర్శకాల్లో ఇరుపక్షాల పెద్దలు ఎనిమిది మందికి చోటుంది. సంజాయిషీలను నిషేధించే వాక్యం లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు సభ్యులకు ఇవ్వబోయే ఆ వారం రోజుల శిక్షణలో 2006 నాటి ఆ నిబంధనను చేర్చడానికి మాత్రం ఏ తీర్పూ అడ్డురాదు.